బాతు ఎందుకు పడలేదు?

మొన్న వేసవి సెలవులలో మా అన్నయ్య ఇంటికి పోయినప్పుడు, ఆయన కుమారుడు అటకమీదనుండి ఒక అట్టపెట్టెను దింపినాడు. 1990 తరువాతి సంవత్సరములలో మన పట్టణములలో విరివిగా అమ్ముడుపోయిన టీవీ గేము యంత్రమొకటి, చేతిలో పట్టుకొను మీటల పెట్టెలు రెండు, ప్లాస్టిక్ తుపాకి ఒకటి, పసుపుపచ్చని క్యాసెట్లు నాలుగు అందులో ఉన్నవి. అన్నయ్య ఏడవ తరగతి చదువుచున్నప్పుడు మా నాన్నగారు కొనియిచ్చిన యంత్రమది. పిల్లవాడు దుమ్ము దులిపి దానిని గోడమీది కొత్త టీవీకి తగిలించినాడు. ఆశ్చర్యమేమనగా ఆట వెంటనే వచ్చినది. గడ్డిలోనుండి బాతు ఎగిరినది. పిల్లవాడు గురిచూచి తుపాకి పేల్చినాడు. బాతు పడలేదు; పొదచాటునుండి కుక్క లేచి నవ్వినది. మరల పేల్చినాడు, కుక్క మరల నవ్వినది. తెరకు జానెడు దూరములో తుపాకి పట్టి కాల్చినను ఫలితము లేదు.

"బాబాయ్, తుపాకి పాడైపోయింది. పారేద్దామా?" అని అడిగినాడు.

తుపాకి పాడు కాలేదు. ఆ సంగతి మరునాడే రుజువైనది. మరి బాతు ఎందుకు పడలేదు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న పాత టెలివిజను ఎట్లు బొమ్మ గీయును, కొత్తది ఎట్లు చూపును, క్యాసెట్టులో ఏమున్నది అను మూడు సంగతులు తెలియవలెను. క్యాసెట్టుతోనే మొదలు పెట్టుదము.

మనము దీనిని క్యాసెట్టు అని పిలుచుట అలవాటు. కాని పాటల క్యాసెట్టులో వలె ఇందులో తిరుగు టేపు ఏదియు లేదు. పైపెంకు విప్పిన, లోపల ఆకుపచ్చని పలక ఒకటి, దానిపై చిప్పులు, అంచున వరుసగా లోహపు పట్టీలు కనబడును. మనవద్ద దొరకిన క్యాసెట్లకు ఇట్టి పట్టీలు 60 ఉండెడివి. అమెరికాలో అమ్మినవాటికి 72. అందుచేతనే అమెరికానుండి బంధువులు తెచ్చిన క్యాసెట్టు మన యంత్రపు నోటిలో పట్టెడిది కాదు. లోపలి చిప్పులలో ముఖ్యముగా రెండింటికి పని ఎక్కువ: ఒకదానిలో ఆట నడచు విధానము, మరొకదానిలో బొమ్మల ముక్కలు తయారీయందే శాశ్వతముగా వ్రాయబడి యుండును. చదువవచ్చును గాని చెరపలేము. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అను ప్రసిద్ధమైన ఆటకు విధానము 32 కిలోబైట్లు, బొమ్మలు 8 కిలోబైట్లు, మొత్తము 40. నేడు ఫోనుతో తీసిన ఒక ఫోటో రెండు మెగాబైట్లున్నదనుకొందము. ఆ ఒక్క ఫోటో పట్టు చోటులో ఇట్టి ఆటలు యాభై పట్టును.

ఈ క్యాసెట్లను ఆడించుటకై పుట్టిన అసలు యంత్రము జపానుకు చెందిన నింటెండో సంస్థది. 1983 జూలైలో జపానులో ఫ్యామికామ్ అను పేర, 1985లో అమెరికాలో ఎన్.ఇ.ఎస్. అను పేర వెలువడినది. దాని నిర్మాణమునకు నాయకత్వము వహించిన ఇంజనీరు మసాయుకి ఉయెమురా. ఆయన అంతకుముందు షార్ప్ సంస్థలో కాంతిని విద్యుత్తుగా మార్చు ఘటములను అమ్మెడి ఉద్యోగి. కాంతిని పసికట్టు తుపాకి బొమ్మల తయారీతోనే ఆయనకు నింటెండోతో సంబంధము కలిసినది. మన బాతు కథకు మూలము అక్కడనే ఉన్నదన్నమాట.

అటకమీద దొరకినది మాత్రము నింటెండో యంత్రము కాదు. దానిని చూచి ఇతరులు చేసిన నకలు. మన దేశములో ఆ రోజులలో ఇంటింట కనబడినవి హెచ్చుభాగము ఇట్టి నకళ్ళే. వాటితో వచ్చు క్యాసెట్లపై 9999 ఆటలని అచ్చువేసి యుండెడిది. ఓపికగా లెక్కించిన అందులో నిజమైన ఆటలు ఏ పదియో పదునైదో. తక్కినవి అవే ఆటలు వేరువేరు మెట్లనుండి మొదలగునవి. బాల్యములో మేము 200వ అంకె దాటక ముందే ఈ మోసమును కనిపెట్టినాము.

ఇక ఒక లెక్క. ఈ యంత్రము తెరపై చూపు బొమ్మలో అడ్డముగా 256 చుక్కలు, నిలువుగా 240 గీతలు. రెండింటిని గుణించిన 61,440 చుక్కలు. చుక్కకు ఒక బైటు చొప్పున దాచుకొన్నను అరువది వేల పైచిలుకు బైట్లు కావలెను. అసలు యంత్రములో పని చేసుకొనుటకు ఉన్న మెమరీ 2048 బైట్లు. బొమ్మలకై వేరుగా మరొక 2048. మరి ఆ బొమ్మ ఎక్కడ దాగియున్నది?

ఎక్కడను దాగి లేదు. పాఠశాలలోని ఉపాధ్యాయులు ఈ విషయమును విద్యార్థులచేతనే చెప్పించిన బాగుండును. నేతగాడు చీరెపై పువ్వును ముందుగా ఎక్కడనో చేసియుంచి మగ్గముపై అతికించడు గదా! ఒక్కొక్క పోగు వేయుచు, ఏ పోగువద్ద ఏ రంగు రావలెనో ఆ క్షణమున చూచుకొనుచు పువ్వును తేల్చును. ఈ యంత్రము కూడ అంతే. టెలివిజను తెరపై ఒక చుక్క వెలుగవలసిన క్షణముననే ఆ చుక్క రంగును నిర్ణయించి పంపును. ఆ చుక్క వెలిగిన తరువాత దానిని మరచిపోవును.

ఇట్టి పని సాగుటకు ఆ నాటి టెలివిజను తోడు కావలెను. పాత టెలివిజనులోని చిత్రనాళమునందు వెనుకభాగమునుండి ఎలక్ట్రానుల పుంజము ఒకటి వెలువడి, తెర లోపలి ఫాస్ఫరు పూతపై పడును. పడినచోట వెలుగు పుట్టును. పుంజము ముందుకు సాగగానే ఆ వెలుగు చాల త్వరగా తగ్గిపోవును. పుంజము ఎడమనుండి కుడికి ఒక గీత గీసి, చటుక్కున వెనుకకు వచ్చి, దానిక్రింద మరొక గీత గీయును. అమెరికా, జపాను దేశముల పద్ధతిలో పుంజము సెకండుకు 60 పర్యాయములు తెరను పైనుండి క్రిందికి తుడిచిపెట్టును. మన దేశము 1982లో రంగుల ప్రసారములకు స్వీకరించిన పాల్ పద్ధతిలో 50 పర్యాయములు. ఏ క్షణమున చూచినను తెరపై నిజముగా మెరయుచున్నది ఒక చిన్న భాగము మాత్రమే. మిగిలిన బొమ్మను మన కన్ను కలుపుకొనుచున్నది.

నింటెండో యంత్రము ఒక్కొక్క బొమ్మకు 262 గీతల కాలము తీసికొనును. అందు 240 గీతలలో బొమ్మ ఉండును. గీతకు 341 చుక్కల కాలము. యంత్రపు మెదడైన ప్రాసెసరు సెకండుకు 17,89,773 టిక్కులు కొట్టును; అది ఒక టిక్కు కొట్టులోపల పుంజము సరిగా మూడు చుక్కలు నడచును. ఆట వ్రాయువారు ఈ లెక్కను కంఠస్థము చేసికొని, పుంజము ఇప్పుడెక్కడ నున్నదో ఎరిగి, దానిననుసరించి ఆటను నడిపెడివారు. మారియో ఆటలో పై భాగమున గల అంకెల వరుస కదలకుండును. క్రింది దృశ్యము మాత్రము ప్రక్కకు జరుగును. యంత్రమునకు తెరనంతటిని ఒక్కటిగా జరుపుటయే తెలియును, సగము నిలిపి సగము జరుపుట తెలియదు. అందుచేత ఆట ఒక ఉపాయము పన్నును. పై వరుసలో ఒక నాణెపు బొమ్మ ఉన్నది. పుంజము దాని అడుగు అంచును గీయుచున్నదని యంత్రములో ఒక గుర్తు పడునంతవరకు ఆట కాచుకొనియుండి, ఆ గుర్తు కనబడగానే దృశ్యమును జరుపును. అనగా తెరపై సగము బొమ్మ గీయబడిన పిదప, మిగిలిన సగమునకు ఆజ్ఞ మారుచున్నది! పుంజము నడకను సరిగా అనుకరింపలేని నకలు యంత్రములో ఆ అంచు వణకును.

ఇప్పుడు తుపాకి సంగతి. తుపాకినుండి తెరకు ఏ కిరణమును పోదు. తెరనుండి తుపాకిలోనికి వెలుగు వచ్చును. గొట్టము లోపల ఒక కటకము, దాని వెనుక కాంతిని పసికట్టు డయోడు ఉన్నవి. మీట నొక్కగానే ఆట తెరనంతటిని ఒక్క బొమ్మ కాలము నల్లగా చేయును. ఆ తరువాతి బొమ్మలో బాతు ఉన్నచోట తెల్లని చతురస్రము మాత్రము చూపును. బాతులు రెండున్నచో మొదటిదానికి ఒక బొమ్మ, రెండవదానికి మరొక బొమ్మ. చీకటి తరువాత ఏ బొమ్మలో వెలుగు కనబడినదని తుపాకి చెప్పునో ఆ బాతు పడును. ఏ బొమ్మలోను చెప్పకున్న గురి తప్పినట్లు. ఇదంతయు సెకండులో ఇరువదవ వంతు కాలములో ముగియును గనుక కంటికి ఒక చిన్న మిణుకుమాత్రమే తోచును.

తుపాకిని వీధిదీపమువైపు పట్టి మోసము చేయవచ్చునా? నింటెండోవారు దీనికి కూడ జాగ్రత్తపడినారు. చిత్రనాళమునందు పుంజము తెల్లని చతురస్రముపై ఒక్కొక్క గీత గీయుచు పోవునప్పుడు, డయోడుకు వెలుగు ఎడతెగక రాదు. గీతకొక్కటి చొప్పున సెకండుకు సుమారు 15,700 మెరుపుల వేగమున తగులును. తుపాకిలోని వలయము ఆ పౌనఃపున్యమునకు దగ్గరగానున్న మెరుపులనే లోనికి రానిచ్చి, తక్కిన వెలుగును జల్లెడపట్టి వదలును. ఇంటి దీపములు మన 50 సైకిళ్ళ విద్యుత్తుతో సెకండుకు 100 పర్యాయములు మినుకుమనును. కాబట్టి అవి జల్లెడలో నిలువవు. మా తుపాకిని ట్యూబులైటువైపు పట్టి నొక్కి చూచినాను. కుక్క నవ్వినది.

కొత్త ఎల్.సి.డి. టెలివిజనులో పుంజము లేదు, ఫాస్ఫరుపై పరుగు లేదు. తెర వెనుక దీపము వెలుగుచుండగా, ముందున్న ద్రవస్ఫటికములు తెరుచుకొనియు మూసికొనియు చుక్కలను చూపును. తెల్లని చతురస్రము అక్కడ వచ్చినను, అది గీత గీతకు తళుక్కుమను వెలుగు కాదు, నిలుకడగానుండు వెలుగు. ట్యూబులైటును ఏ కారణమున నిరాకరించెనో ఆ కారణముననే తుపాకి కొత్త టీవీని కూడ నిరాకరించినది. దానిని మోసగాండ్రనుండి కాపాడుటకు పెట్టిన జల్లెడ మా పిల్లవానిని కూడ మోసగానిగా ఎంచినది.

మరునాడు పొరుగింటివారి స్టోరు గదిలోనుండి ఒక పాత చిత్రనాళపు టీవీని అడిగి తెచ్చినాము. ఇద్దరము మోయవలసివచ్చినది. మొదటి దెబ్బకే బాతు పడినది. (ఇట్టి పాత టీవీ దొరకినచో దాని వెనుక మూతను విద్యార్థులు ఎట్టి పరిస్థితులలోను విప్పరాదు. లోపల వేల వోల్టుల విద్యుత్తు ఉండును. ప్లగ్గు తీసిన తరువాత కూడ కొంత నిలిచియుండవచ్చును.)

బాతు పడకపోవుటకు రెండవ కారణము కూడ ఉన్నది. దానిని తుపాకి లేనివారు సైతము అనుభవింపవచ్చును. పాత టీవీకి దాచుకొను అలవాటు లేదు. వచ్చిన సంకేతమును వచ్చినట్లే పుంజమునకు అందించును. కొత్త టీవీ అట్లు కాదు. ముందు ఒక బొమ్మనంతటిని తన మెమరీలో పోగుచేయును. దానిని తన తెరకు సరిపడునట్లు పెద్దదిచేయును, అంచులను నున్నగాచేయును, రంగులను సవరించును. అటుపిమ్మట చూపును. సినిమా చూచువానికి ఇందువలన నష్టమేమియు లేదు, ధ్వనిని కూడ అంతే ఆలస్యము చేసిన సరిపోవును. ఆటలో మాత్రము చేయి నొక్కిన క్షణమునకు, కన్ను చూచిన క్షణమునకు మధ్య సందు ఏర్పడును. తుపాకి సంగతిలోనైతే, వెలుగు వచ్చునప్పటికి ఆట ప్రశ్న అడుగుటయే మానివేసి యుండును.

ఈ ఆలస్యమును మీరును కొలువవచ్చును. నేటి ఫోనులు పెక్కింటిలో సెకండుకు 240 చిత్రములు తీయు నెమ్మదిచలనపు ఏర్పాటు ఉన్నది. మీట నొక్కు బొటనవ్రేలు, టీవీ తెర రెండును ఒకే దృశ్యములో పడునట్లు ఫోనును నిలిపి వీడియో తీయుడు. వ్రేలు అణగిన చిత్రమునుండి మారియో నేలను విడిచిన చిత్రమువరకు లెక్కించుడు. ఒక్కొక్క చిత్రము సెకండులో 240వ వంతు. ఆటకు కూడ తన సొంత ఆలస్యము కొంత ఉండును గనుక, అదే యంత్రమును పాత టీవీకి తగిలించి మరల లెక్కించి, ఆ మొత్తమును తీసివేయుడు. మిగిలినది కొత్త టీవీ దోషము. మా కొలతలో తేడా 24 చిత్రములు వచ్చినది, అనగా సెకండులో పదవ వంతు. టీవీ మెనూలో "గేమ్ మోడ్" అను ఏర్పాటు ఉన్నది. దానిని తెరచిన తరువాత ఆ తేడా 8 చిత్రములకు దిగినది. ఒకే కొలతతో తృప్తిపడక పది పర్యాయములు కొలిచి సగటు తీయవలెనని విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

సెకండులో పదవ వంతు ఏపాటి? మారియో పూర్తి వేగమున పరుగెత్తునప్పుడు ఒక్కొక్క బొమ్మకు రెండున్నర చుక్కలు ముందుకు పోవును. మా పాత యంత్రము సెకండుకు 50 బొమ్మలు చూపును గనుక పదవ వంతు సెకండులో అయిదు బొమ్మలు. అనగా పన్నెండున్నర చుక్కలు. ఆటలో ఒక ఇటుక వెడల్పు 16 చుక్కలు. కాబట్టి గుంట అంచున దూకవలెనని తలచినవాడు, ఇంచుమించు ముప్పాతిక ఇటుక దూరము ముందే దూకవలెను. పాత చేతివాటముగలవాడు ఆ గుంటలో తప్పక పడును. వయసు మీరి చేయి మందగించినదని అతడు తనను తాను నిందించుకొనును!

ఇంతవరకు పాత యంత్రము, కొత్త టీవీ. ఇప్పుడు కొత్త యంత్రము సంగతి. పాత క్యాసెట్లను కొత్త టీవీలపై ఆడుటకై నేడు కొత్త నకలు యంత్రములు దొరకుచున్నవి. వీటి వెనుక హెచ్.డి.ఎం.ఐ. తీగకు చోటు ఉండును. కొన్నింటికి 60 పట్టీల నోరు, 72 పట్టీల నోరు రెండును కలవు. అసలు యంత్రముపై నింటెండోకు గల పేటెంట్ల గడువు ఈ శతాబ్ది తొలి దశకములో తీరిపోయినది గనుక ఇట్టి యంత్రములను బహిరంగముగా చేయుచున్నారు. ఆటలపై హక్కులు మాత్రము ఇంకను చెల్లుచున్నవి. పాత మిత్రునివలె క్యాసెట్టు చేతిలోనున్నవాడు ఆడుకొనుట వేరు, కాపీలు తీసి అమ్ముట వేరు.

ఈ కొత్త నకళ్ళు పైకి ఒకే తీరుగా కనబడినను లోపల మూడు జాతులవి. మొదటి జాతిలో అసలు యంత్రపు చిప్పులన్నింటి పనిని ఒకే చిప్పులో ఇమిడ్చియుందురు. పలకపై నల్లని మైనపుబొట్టు వలె కనబడునది అదియే. ధర చౌక. లోపములును అందుకు తగినట్లే ఉండును. కొన్ని క్యాసెట్లలో తమ సొంత చిప్పులు ఉండి, పెద్ద ఆటను ముక్కలు ముక్కలుగా యంత్రమునకు అందించును. అందులో క్లిష్టమైనవి ఈ జాతిపై నడువవు. క్యాసిల్వేనియా మూడవ భాగము ఇందుకు పేరుమోసినది. రెండవ జాతి యంత్రము క్యాసెట్టును ఆడదు, చదువును. లోపలి సమాచారమునంతటిని తన మెమరీలోనికి ఎక్కించుకొని, పాత యంత్రమును అనుకరించు సాఫ్టువేరుతో నడుపును. 2014లో వచ్చిన రెట్రాన్ 5 ఈ విధమైనది. మూడవ జాతిలో ఎఫ్.పి.జి.ఎ. అను చిప్పు ఉండును. దానిలోని తర్కద్వారములను మనకు వలసినట్లు కలిపి, పాత చిప్పుల వలయములనే మరల నిర్మింపవచ్చును. ఇందులో పుంజపు గీతల లెక్క, చుక్కల లెక్క టిక్కు టిక్కుకు పాటింపబడును. 2016లో వచ్చిన ఎ.వి.ఎస్. ఇట్టిది. నా మటుకు నాకు భౌతికశాస్త్ర బోధకుడుగా ఈ మూడవ జాతిపై మక్కువ. జేబును సంప్రదించినప్పుడు మాత్రము మొదటిదే గుర్తుకు వచ్చును. ఇన్నింటిలోను ఒక్కటి గమనింపుడు. యంత్రము ఎంత సరియైనదైనను తెర ఎల్.సి.డి.యే గనుక, ఆ పాత తుపాకికి వీటివలన ప్రయోజనము లేదు.

అన్నయ్య కోసము ఒక కొత్త యంత్రమును తెప్పించినాను. తన పసుపు క్యాసెట్టును అందులో పెట్టి, పది నిమిషములు ఆడి, మీటల పెట్టెను క్రింద పెట్టినాడు. "ఇది మన ఆట కాదురా. ఏదో తరుముకొస్తున్నట్టుంది. పాట కూడా తొందరపడుతోంది" అన్నాడు.

నేను మొదట నవ్వినాను. లెక్కవేసిన తరువాత నవ్వలేదు. ఆట జపాను పద్ధతికి వ్రాయబడినది, అనగా సెకండుకు 60 బొమ్మలు. ఆట లోపలి కాలమంతయు బొమ్మలతోనే కొలువబడును. బొమ్మకు ఇన్ని చుక్కల నడక, ఇన్ని బొమ్మలకొక స్వరము. మన పాల్ టీవీల కొరకు చేసిన నకలు యంత్రములు సెకండుకు 50 బొమ్మలే చూపెడివి. కాబట్టి ఆట మొత్తము ఆరింట ఒక వంతు నెమ్మదించినది. అయిదు నిమిషములలో ముగియవలసిన భాగము మన ఇండ్లలో ఆరు నిమిషములు నడచినది. అన్నయ్య బాల్యమంతయు ఆ ఆరు నిమిషముల ఆటనే ఆడినాడు. కొత్త యంత్రము హెచ్.డి.ఎం.ఐ. ద్వారా 60 బొమ్మలు పంపుచున్నది. జపాను పిల్లలు 1985లో చూచిన వేగమును అన్నయ్య తన నలువదవ యేట మొదటిసారి చూచినాడు.

పాట సంగతి ఇంకను విచిత్రము. పాట నడక నెమ్మదించినను శ్రుతి మాత్రము అంతగా మారలేదు. స్వరపు శ్రుతి ప్రాసెసరు టిక్కులపై ఆధారపడును, బొమ్మల సంఖ్యపై కాదు. తైవానుకు చెందిన యు.ఎం.సి. సంస్థ పాల్ దేశముల కొరకు చేసిన నకలు చిప్పులో టిక్కులు సెకండుకు సుమారు 17,73,000. అసలుకు దీనికి తేడా నూటికి ఒకటికన్న తక్కువ, చెవి పట్టలేదు. ఐరోపాకై నింటెండో తానే చేసిన యంత్రములో టిక్కులు 16,60,000 ప్రాంతమునకు తగ్గిపోయినవి. నకలు చేసినవారు మరొక తెలివి కూడ చూపినారు. పాల్ పద్ధతిలో బొమ్మకు 312 గీతలు రావలెను. అసలుకన్న 50 హెచ్చు. ఆ 50 గీతలను బొమ్మ ముగిసిన వెంటనే ఖాళీ కాలముగా చేర్చి, దాని తరువాతనే ఆటకు "బొమ్మ అయినది" అను సంకేతమును పంపినారు. అందుచేత పుంజపు నడకను లెక్కపెట్టుకొని వ్రాసిన జపాను ఆటలు మన టీవీలపై తడబడకుండ నడచినవి. నకలు అనిన మాత్రమున చిన్నచూపు చూడరాదని నాకు తోచినది.

అయితే వారు ఒకచోట పొరబడినారు. ధ్వనిని పుట్టించు చతురస్ర తరంగములో, ఒక ఆవర్తనమునందు తరంగము పైకి లేచియుండు భాగము పావు వంతా, సగమా అనుదానిని బట్టి స్వరపు పలుకుబడి మారును. పావు వంతు కొంచెము ముక్కుతో పలికినట్లుండును. సగము గుల్లగా, వేణువుకు దగ్గరగా ఉండును. పెక్కు నకలు చిప్పులలో ఈ రెండును తారుమారైనవి. పావు అడిగిన సగము, సగము అడిగిన పావు పలుకును. అన్నయ్యకు తెలిసిన మారియో పాట, ఆ స్వరకర్త ఉద్దేశించిన వాద్యములపై వాయించినది కానేకాదు!

ఇక బొమ్మ ఆకారము. 240 గీతలను కొత్త తెరపై పరచుట ఒక భాగహారపు చిక్కు. 720 గీతల తెరపై ఒక్కొక్క గీతను మూడుసార్లు గీసిన సరిపోవును. 2160 గీతల తెరపై తొమ్మిదిసార్లు. నేడు ఎక్కువగా ఇండ్లలోనున్న 1080 గీతల తెరపై నాలుగున్నర వచ్చును. అర గీత గీయుట సాధ్యముకాదు గనుక కొన్ని గీతలు లావుగా కొన్ని సన్నముగా పడును. లేక అంచులు అలికినట్లగును. నాలుగుసార్లతో తృప్తిపడి పైన 60, క్రింద 60 గీతలు నల్లగా వదలుట మేలు. పాత యంత్రమును సరాసరి పసుపు తీగతో తగిలించినప్పుడు మరొక చిక్కు. పాత ప్రసారములలో బేసి గీతలొకసారి, సరి గీతలొకసారి వచ్చి ఒక బొమ్మ పూర్తియగును. ఈ ఆట యంత్రమో, ప్రతిసారి అవే గీతలపై గీయును. కొన్ని కొత్త టీవీలు ఈ భేదమును గ్రహింపక, వరుస బొమ్మలు రెండింటిని కలిపి కుట్టబోయి, పరుగెత్తు బొమ్మ అంచులను దువ్వెన పళ్ళవలె చీల్చును. వెడల్పు సంగతి అందరెరిగినదే. మూడింట నాలుగు వెడల్పుగల బొమ్మను తొమ్మిదింట పదునారుకు సాగదీసిన మారియో మూడవవంతు లావెక్కును. టీవీ మెనూలో 4:3 అను ఏర్పాటును ఎంచుకొనుడు.

చివరకు మన అందరి పాత అలవాటు. ఆట రానప్పుడు క్యాసెట్టును నోటితో ఊదెడివారము. ఊపిరిలోని తేమ లోహపు పట్టీలకు తుప్పు తెచ్చును. పని జరిగినది ఊదుటవలన కాదు, తీసి మరల పెట్టుటవలన. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి పట్టీలను తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత పెట్టుడు. పసుపు క్యాసెట్లలో మూడు ఇట్లు తుడిచిన వెంటనే పలికినవి. నాలుగవది ఇంకను పలుకలేదు.

పొరుగింటివారు ఆ చిత్రనాళపు టీవీని తిరిగి తీసికొనలేదు. చోటు ఖాళీ అయినందుకు సంతోషించినారట. ఇప్పుడు అన్నయ్య ఇంట వెనుకగదిలో పాత యంత్రము, తుపాకి, పాత టీవీ. హాలులో కొత్త యంత్రము, కొత్త టీవీ. ఆదివారము తండ్రి ఒకచోట, కొడుకు ఒకచోట కూర్చుందురు. ఇద్దరును ఒక్కసారి ఆట మొదలుపెట్టిన, రెండు గదులనుండి ఒకే పాట లేచును. కొంతసేపు కలిసి నడచి, క్రమముగా విడిపోవును. హాలులోని పాట ముందు ముగియును.